మీ ఇల్లే అనుకోండి

తెర మీద ఎక్కడ పదిమంది చేరి గోల చేసినా అందులో ఆమె గొంతు ఉంటుంది. రాజుగారికి పట్టాభిషేకం జరిగినా, రైలు పట్టాలు తప్పినా, దొంగ సందులోకి దూరినా చుట్టూ నిలబడి "అయ్యయ్యో", "అదిగో అటు పోయాడు", "ఎంత పని జరిగిందమ్మా" అనడానికి కొందరు కావాలి కదా. పరాయి భాషల్లో తయారైన బొమ్మల సీరియళ్లకి తెలుగు గొంతులు పోసే ఒక చిన్న స్టూడియోలో ఆ కొందరూ ఆమే. ఒకసారి ముసలమ్మలా, ఒకసారి కొత్త కోడలిలా, ఒకసారి ముక్కు దిబ్బడేసిన మగాడిలా అరిచి పక్కకి తప్పుకుంటే, మిషను దగ్గర కూర్చున్నతను వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి సంత చేసేవాడు. అందుకే అక్కడ అందరికీ ఆమె గుంపమ్మ. అసలు పేరు ఆమెకే అప్పుడప్పుడు గుర్తు తెచ్చుకోవలసి వచ్చేది.

గుంపమ్మకి పెళ్లి ఆలస్యంగా అయింది. కుటుంబ భారం మోసి మోసి పెళ్లి మానుకుందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, నిజం అది కాదు. నచ్చినవాడు కనబడలేదు, అంతే. చివరికి కనబడ్డాడు. కనబడ్డాడనడం కంటే వినబడ్డాడనడం సబబు. స్టూడియో ఉన్న భవనంలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతే, లోపల ఇరుక్కున్న గుంపమ్మ కంగారులో తనకు వచ్చిన గొంతులన్నిటితోనూ కేకలు వేసింది. బయటినుంచి లిఫ్టు మెకానిక్కు, "లోపల ఎంతమంది ఉన్నారండీ?" అని అడిగాడు. ఒక్కదాన్నే అంటే నమ్మలేదు. బరువు ఎక్కువై ఆగిందనుకున్నాడు. తలుపు తెరిచి చూసి, ఆమె వెనకాల కూడా ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూసి, అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు పెళ్లిదాకా వచ్చింది.

ఆయనకి మొదటి భార్య పోయింది. ఒక కూతురు ఉంది. హైస్కూలు పిల్ల, వాదనలో ప్లీడరు. కొత్తావిడని "పిన్నీ" అని పిలవమని చుట్టాలు చెబితే, "పిన్ని అంటే అమ్మకి చెల్లెలు. వీరు మా అమ్మకి చెల్లెలు కారు కదా," అంది. తెలుగు తెలిసిన పిల్లతో ఇదే చిక్కు.

గుంపమ్మ గడపలో కాలు పెట్టిన రోజున ఆ పిల్లే ఎదురొచ్చి, చేతులు కట్టుకుని, చిరునవ్వుతో అంది: "రండి, కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి."

ఎంత మర్యాద, ఎంత పెంపకం అని చుట్టాలు మురిసిపోయారు. గుంపమ్మ ఒక్కతికే గుండె జారి అరికాళ్లలోకి వచ్చింది. సొంత ఇంట్లో ఎవరినైనా మీ ఇల్లే అనుకోండి అంటారా? వెళ్లిపోయేవాళ్లనే అంటారు.

అదిమొదలు ఆ ఇంట్లో సవతి తల్లి ఆగడాలు లేవు, సవతి కూతురి కన్నీళ్లు లేవు. ఉన్నదల్లా వ్యాకరణం. పిల్ల ఆమెను ఏమనీ పిలవదు. తెలుగులో అదొక సదుపాయం: క్రియ చివర 'రు'నో 'అండి'నో తగిలిస్తే మనిషిని పిలవకుండానే పని జరిగిపోతుంది. "తింటారా?" "వస్తున్నారా?" "పర్వాలేదు లెండి." తండ్రితో మాట్లాడేటప్పుడు గుంపమ్మ "వారు". తండ్రిని మాత్రం "నువ్వు". వీధి కుక్కని "నువ్వు". దేవుణ్ణి సైతం "నువ్వు". ప్రపంచంలో "మీరు" అన్న గౌరవం హెడ్మాస్టరుకీ గుంపమ్మకీ మాత్రమే దక్కింది. గుంపమ్మ కోరుకున్నది అమ్మా అనిపించుకోవడం కాదు, అంత పేరాశ లేదు. ఒక్కసారి "నువ్వు" అనిపించుకుంటే చాలు. తిట్టినా సరే, ఆ ఏకవచనంలో తిట్టాలి.

ఈ సంగతి మొగుడికి చెబితే ఆయన "తీగ బిగుసుకుంది. లాగకూడదు, వదలాలి," అన్నాడు. ఆయన ఏ విషయమైనా లిఫ్టుగానే అర్థం చేసుకుంటాడు.

పిల్లకి ప్రాణం మాత్రం ఒక యానిమే సీరియలు. పాశ్చాత్యుల పాత కథలన్నిటినీ, గాజు చెప్పునీ, విషపు ఆపిల్‌నీ, అడవిలో తోడేలునీ, గోపురం మీంచి వేలాడే జడనీ ఒకే రోట్లో వేసి రుబ్బి జపాను బొమ్మల్లో పోశారు. అది బాగా ఆడింది, దాన్ని ఫోన్లో ఆటగా దించారు. అందులో బూడిద ఊడ్చే పిల్లకి నీలం జుట్టు, వీపున కత్తి. గాజు చెప్పు విసిరితే కోటగోడ కూలుతుంది. తోడేలు కళ్లద్దాలు పెట్టుకుని బళ్లో లెక్కలు చెబుతుంది. రాకుమారుడు సగం రోజులు కుందేలుగా ఉంటాడు, ఎందుకని ఎవరూ అడగరు. సవతి తల్లికి కథ ప్రకారం నలభై దాటాయి, చూడబోతే కాలేజీలో సీటు కోసం వచ్చిన పిల్లలా ఉంటుంది. ఇవన్నీ పిల్ల తండ్రికి విడమరిచి చెబుతుంటే, గుంపమ్మ పక్క గదిలో బట్టలు మడతపెడుతూ వినేది. ఆ ఆట తెలుగులో రాబోతోందని పిల్ల ఎగిరి గంతేసిన రోజున గుంపమ్మ మడతపెట్టిన చొక్కానే మళ్లీ మడతపెట్టింది. ఆ తెలుగు ఆమె పనిచేసే స్టూడియోలోనే తయారవుతోంది మరి.

ఆమెకు గుంపులో వాటా ఎలాగూ ఉంది. అయితే సవతి తల్లి పాత్రకి పెట్టుకున్నావిడ గొంతు పట్టేసి రాలేకపోయింది. డైరెక్టరు నాలుగు దిక్కులా చూసి, గుంపులోంచి ఒక మనిషిని పీకినట్టు గుంపమ్మని మైకు ముందు నిలబెట్టాడు. ఇన్నేళ్లకి ముఖం ఉన్న పాత్ర. ఇంటికి వచ్చి మొగుడి చెవిలో చెప్పి, పిల్లకి తెలియనివ్వద్దని ఒట్టు వేయించుకుంది. "ఇంట్లో ఒక సవతి తల్లి చాలదా," అని ఆమె బాధ. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. భుజాలు ఊగుతుంటే నవ్వుతున్నాడని తెలిసిపోయింది.

స్క్రిప్టు వచ్చింది. దాన్ని మనిషి అనువదించాడో యంత్రం అనువదించిందో గానీ, అందులో అందరూ అందరినీ 'మీరు' అంటూ మన్నించుకున్నారు. "ఓ నీచురాలా, మీరు దయచేసి బూడిద ఊడ్చండి." డైరెక్టరు తల పట్టుకుని, పెన్సిలుతో 'మీరు'లన్నీ కొట్టేసి 'నువ్వు' రాశాడు, వాక్యానికో 'ఒసేయ్' పొదిగాడు. చదువుకున్నవాడు, సవతి తల్లి అంటే మనిషి మనసులోని చీకటి అని ముందే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. గుంపమ్మ భక్తిగా విని, మైకు ముందుకి వెళ్లి చీకటిని పిలిచింది. రాలేదు. "ఒసేయ్, ఆ గిన్నెలు అలాగే వదిలేసి పడుకున్నావంటే చూడు" అని ఆమె ఉరిమితే, ఆ వెనకాలే కంచం పెట్టి పిలుస్తుందేమో అన్నట్టుంది.

"అమ్మా, మీరు తిడుతుంటే నాకు ఆకలేస్తోంది," అన్నాడు డైరెక్టరు. "ద్వేషం కావాలి."

మళ్లీ తిట్టింది. ఈసారి మిషను దగ్గరతనికి వాళ్ల మేనత్త గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాడు. డైరెక్టరు కాసేపు ఆపుదామన్నాడు. రేపటికి ఇంకెవరినైనా చూసుకోమని ఎవరికో ఫోను చేస్తున్నట్టు అద్దంలోంచి కనబడుతూనే ఉంది.

అదే సమయానికి గుంపమ్మ ఫోను మోగింది. పిల్ల. తాళంచెవి ఎక్కడ పెట్టారో చెబితే తీసుకుంటామంది. గుంపమ్మ నాలుక కరుచుకుంది: తాళంచెవి తన సంచీలోనే ఉంది. ఇప్పుడే బయల్దేరి వస్తానంటే ఆ గొంతు చల్లగా, తడిబట్ట పరిచినట్టు పలికింది.

"అయ్యో, మీరు తొందరపడకండి. పక్కింట్లో కూర్చుంటాం లెండి. మాకు అలవాటే."

ఫోను పెట్టేసి గుంపమ్మ మైకు దగ్గరకు నడిచింది. కళ్లముందు కాగితం ఉంది. పెన్సిలు రాతలు కనబడలేదు, కింద అచ్చులో ఉన్న 'మీరు'లే కనబడ్డాయి. పైకి చదివింది. గొంతు పెంచలేదు. ఒక్కో 'అండి' దగ్గరా చిన్నగా నవ్వింది. "వచ్చారా? కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి. బూడిద ఊడుస్తారా? ఊడవకపోయినా పర్వాలేదు లెండి. మాకు అలవాటే." సగం మాటలు కాగితంలో లేవు. అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆమె గమనించలేదు.

డైరెక్టరు చేతి మీద రోమాలు చూపించాడు, నిలబడి ఉన్నాయి. పాత్ర మొత్తం ఇలాగే చెప్పమన్నాడు. ఇంత విషం ఎక్కడ నేర్చుకున్నారని మెచ్చుకోలుగా అడిగాడు. గుంపమ్మ పొంగిపోయి, మిగతాదంతా అదే ధోరణిలో లాగించేసింది.

ఇంటికి పోయే బస్సులో, కిటికీ పక్క సీటు దొరికిన ఆనందంలో, తను చెప్పిన డైలాగుని మరొకసారి మనసులో అనుకుని చూసుకుంది. అప్పుడు తెలిసింది ఆ మాటలెవరివో. గొంతు తనది, మనిషి మాత్రం పక్కింట్లో హోంవర్కు చేసుకుంటోంది. సవతి తల్లి వేషం వేయబోయి సవతి కూతురి వేషం వేసి వచ్చింది. ఆ ఆటని ఆ పిల్ల ఆడుతుంది. వింటుంది. ఈమాత్రం మిగిలిన 'అండి' బంధం కూడా తెగిపోతుంది. గుంపమ్మ తన స్టాపు దాటి పోయి వెనక్కి నడిచి వచ్చింది.

ఆట విడుదలైంది. స్టూడియోలో వాకబు చేస్తే తోడేలు పెట్టే లెక్కల పరీక్ష గట్టెక్కితే గాని సవతి తల్లి రాదన్నారు. ఆ మాటతో గుంపమ్మకి ఆశ పుట్టింది. పిల్లకి లెక్కలంటే పడదు. అయినా ఎందుకైనా మంచిదని జాగ్రత్త మొదలుపెట్టింది. పిల్ల ఫోను పట్టుకోగానే, "అలమర దులుపుతావా అమ్మా?" అనేది. దులిపాక పప్పుల డబ్బాలు తుడవమనేది. తుడిచాక కిటికీ అద్దాలు. తర్వాత గిన్నెలు. పిల్ల ప్రతిదానికీ "సరేనండి" అనేది, వంచిన తల ఎత్తకుండా చేసేది. ఒకరోజు ఛార్జరు కూడా మాయమైంది, బియ్యం డబ్బాలో దొరికింది. ఆడపిల్లని ఆటకి పోనివ్వకుండా ఇంటి పనిలో ముంచే ఆవిడని కథల్లో ఏమంటారో గుంపమ్మకి తట్టనే లేదు. మొగుడికి తట్టింది గానీ, తీగ బిగుసుకున్నప్పుడు ఆయన మాట్లాడడు.

ఆదివారం మధ్యాహ్నం గుంపమ్మ వంటగదిలో ఉంది. ఆయన అక్కడే స్టూలెక్కి ఆగిపోయిన ఫ్యాను విప్పుతున్నాడు. ముందుగదిలోంచి సంగీతం వినబడింది, తర్వాత తలుపు కిర్రుమన్న చప్పుడు, తర్వాత ఆమె గొంతు.

"వచ్చారా? కూర్చోండి. మీ ఇల్లే అనుకోండి."

గుంపమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మళ్లీ అదే డైలాగు, వెనక్కి తిప్పి విన్నట్టుంది. మళ్లీ ఒకసారి. మూడోసారి "మాకు అలవాటే" దగ్గర ఆగిపోయింది. పిల్ల వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇది మీ గొంతు."

"అవును."

"మాటలు నావి."

కాదనడానికి గుంపమ్మ దగ్గర ఇరవైమంది గొంతులున్నాయి. అయినా తల ఊపింది.

"నేను ఇంత దారుణంగా మాట్లాడతానా?"

"దారుణంగా కాదు. మర్యాదగా."

పిల్ల కింది పెదవి కొరుక్కుంది. ఏడుపు వస్తుందేమో అనిపించింది గానీ, వచ్చింది కోపం, అదీ తన్నుకుని వచ్చింది.

"నన్ను అడగకుండా ఎలా తీసుకున్నావు నువ్వు? పోనీ తీసుకున్నావు, సరిగ్గా అయినా చెప్పాలా వద్దా? 'లెండి' అని అంత సాగదీస్తానా నేను?"

స్టూలు మీద స్క్రూడ్రైవరు ఆగిపోయింది. ఆయన నోరు తెరవబోతే గుంపమ్మ గరిటె అటు చూపించింది. ఆయన మూసుకున్నాడు.

"సాగదీస్తావు," అంది గుంపమ్మ.

"నువ్వే సాగదీస్తావు. అన్నట్టు, అలమరలూ అద్దాలూ అన్నీ ఇందుకేనా? నేను ఇక్కడిదాకా రాకూడదనా?"

"ఇందుకే."

"బూడిద ఒక్కటే తక్కువైంది," అంది పిల్ల. అని, తను అన్నది తనే విని, నవ్వు ఆపుకోవడానికి మొహం గట్టిగా బిగించి వెళ్లిపోయింది.

ఇలాంటి చోట కౌగిలింతలు పెట్టడం కథల వాళ్లకి అలవాటు. ఇక్కడ మాత్రం ఆయన ఫ్యాను బిగించాడు, గుంపమ్మ మాడుతున్న దాని కింద మంట తగ్గించింది. సాయంత్రానికి పిల్ల కోపం సగం చల్లారింది. ఆ సగం చల్లారడంతో భాష మొత్తం కలగాపులగమైపోయింది. ఇన్నాళ్ల 'అండి' నాలుక వదలదు, నోరు జారిన 'నువ్వు' వెనక్కి పోదు. పిల్లకే తెలియడం లేదు ఏం మాట్లాడుతోందో.

గుంపమ్మ తన పాత్ర ఎలా ఉందో చూద్దామని వెళ్లి సోఫాలో పక్కన కూర్చుంది. తెర మీద ఊదారంగు జుట్టు సవతి తల్లి, ఎదురుగా వీపున కత్తితో నీలం జుట్టు పిల్ల. గాజు చెప్పు గాల్లోకి లేచింది. సోఫాలో పిల్ల మోచేతులు రెండూ ఎత్తి పట్టుకుని, కళ్లు తిప్పకుండా అంది:

"అబ్బా, నువ్వు కొంచెం జరగండి."

గుంపమ్మ జరిగింది.