తాడు అనకూడదట

నా చిన్నప్పుడు, పత్తి చేలకు పచ్చపురుగు తగిలి ఊరంతా తల పట్టుకుని కూర్చున్న ఏడాది, మా తాతయ్య నాటకాల హాలు అప్పుల కింద అమ్ముడుపోయింది. పర్చూరు దగ్గర మా ఊళ్లో, ఇంటికి నాలుగడుగుల దూరంలో, ఆయన ముచ్చటపడి కట్టించుకున్న హాలు అది. దాన్ని పడగొట్టి మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ కడతారని అందరికీ తెలుసు, మంచాన పడ్డ తాతయ్యకు తప్ప. గుండె జబ్బు మనిషి, వింటే తట్టుకోలేడని ఇంటిల్లిపాదీ నోటికి తాళం వేసుకున్నారు. నన్నయితే మరీ మరీ హెచ్చరించారు. అసలే నా నోట్లో నువ్వుగింజ నానదు.

మా మేనత్త గుంటూరులో ఒక కాలేజీలో ఫ్రెంచి చెప్పేది. అంతకుముందెప్పుడో మా హాలు చూసి వెళ్లిన ఒక ఫ్రెంచావిడ, పాత నాటకశాలల మీద పుస్తకం వేస్తున్నానని, దీని వివరాలు కావాలని అడిగింది. హాలు కొలతలు తీసిన ఇంజనీరు ఇంగ్లీషులో రాసిచ్చినదాన్ని అత్తయ్య సెలవుల్లో తాతయ్య మంచం పక్కనే కూర్చుని ఫ్రెంచిలోకి మార్చేది. ఆయన మనసు మళ్లించడానికి వేసిన ఎత్తు అది. ఒక్కొక్క భాగం పేరు చదివి, అక్కడేం జరిగేదో ఆయన్నే అడిగేది.

వేదిక కుడి ఎడమలను ఇంగ్లీషువాళ్లు నటుడి చేతులను బట్టి చెబుతారట. ఫ్రెంచివాళ్లకు ఒకటి తోట వైపు, రెండోది వాకిలి వైపు. అక్కడ తోటా వాకిలీ లేకపోయినా సరేనట.

"అయితే మనది మిరప కల్లం వైపని రాయవే. అట్నుంచి గాలి కొడితే మహారాజు కూడా తుమ్మేవాడు," అని తాతయ్య ఎన్నాళ్లకో నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చింది. అప్పటికే హాలు మీద రేకులు దింపుతున్నారు.

తెర తాళ్ల దగ్గరికొచ్చేసరికి అత్తయ్య కలం ఆపింది. నాటకశాలలో ఫ్రెంచివాళ్లు తాడు అనే మాట అనరట, అపశకునమట. చేత్తో పట్టుకుని లాగే ఆ తాడుకు ఇంకేదో పేరు చెబుతారట.

తాతయ్య పైన ఇంటి దూలాల వంక చూశాడు. "మనింట్లోనూ అంతేగా అమ్మాయ్. నా హాలు పోయిందన్న మాట ఒక్కళ్లూ అనరు. రేకుల చప్పుడు నాకు వినపడదనుకున్నారా?"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. చివరికి ఆయనే మమ్మల్ని ఊరుకోబెట్టి, ఆ తాళ్లు మాత్రం కొయ్యొద్దని, ముడులు విప్పుకుంటే ఎవరికైనా పనికొస్తాయని చెప్పి రమ్మన్నాడు. నేను పరుగెత్తాను. అప్పటికే కోసేసి, వాటితో దూలాలు కట్టి బండికెత్తుతున్నారు.

తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య వద్దన్నట్టు కళ్లతోనే సైగ చేసింది.

"కోసేశారు తాతయ్యా," అన్నాను.

ఆయన కళ్లు మూసుకుని, నన్ను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి వేశాడు. "పోన్లే. నువ్వన్నా చెప్పావు," అన్నాడు.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది. మంచాన పడ్డ మనిషి నన్నేదైనా అడిగితే, నా చేతుల్లో ఏమీ లేకపోయినా, ఉన్నమాట చెబుతాను. చెప్పాక లేచి వెళ్లిపోను.