మొదటి మేకు దారం

నగర్తపేటలో ఇత్తడి సామాను అంగళ్లు దాటితే, రెండు స్కూటర్లు ఎదురైనప్పుడు ఒకటి వెనక్కి పోవలసిన సందు ఒకటి ఉంది. ఆ సందులో మునిలక్ష్మి పిడుల అంగడి. అంగడి అంటే పెద్దగా ఊహించుకోకండి. ఆరడుగుల వెడల్పు, లోపల కూర్చోవడానికి ఒక మొద్దు, ఒక బాడిస, నాలుగు ఆకురాళ్లు, మూలన చింత చేవ ముక్కలు. సుత్తి, ఉలి, గొడ్డలి, ఏది తెచ్చినా పిడి వేసి ఇస్తుంది. అరవై మూడేళ్ల మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. రేపు ఇస్తావా అని తొందర పెట్టినవాడికి ఎల్లుండి ఇస్తుంది, నోరు మూసుకుని పోయినవాడికి సాయంత్రానికే ఇస్తుంది.

ఆమె దగ్గరికి వచ్చినవాడు ముందు సుత్తి పక్కన పెట్టి చెయ్యి చాపాలి. కండె నుంచి దారం తీసి అరచేతి చుట్టూ తిప్పి ఒక ముడి వేస్తుంది. మోచేతి నుంచి బిగించిన పిడికిలి దాకా లాగి రెండో ముడి వేస్తుంది. కొస నుంచి అరచేతి ముడి దాకా ఉన్న దారంలో సగం పిడి చుట్టుకొలత, అదే కొస నుంచి రెండో ముడి దాకా పిడి పొడవు. ఈ లెక్క ఆమె తండ్రి ఆదినారాయణప్పది. సుత్తి తల ఎవరి చేతిలోనైనా ఒకటే, పిడి మాత్రం మనిషిది అనేవాడాయన.

పిడి తయారయ్యాక ఆ దారాన్ని పారేయరు. గోడకు వరసలుగా మేకులు కొట్టి ఉన్నాయి, మనిషికొక మేకు. మునిలక్ష్మికి చదువు రాదు కాబట్టి పేర్లు రాయలేదు. ఏ మేకు ఎవరిదో ఆమెకు కంఠతా వచ్చు. ఎవరైనా పోయారని కబురు వస్తే వాళ్ల దారం దించి, ముడులు విప్పి, మళ్లీ కండెకు చుట్టేస్తుంది. ఇంకొకరి చేతికి పనికొస్తుంది కదా. తండ్రి నాటి నుంచి వస్తున్న ఈ పద్ధతిని ఆమె ఒకే ఒక్కసారి తప్పింది. పైవరసలో మొదటి మేకుకు వేలాడేది ఆమె మొగుడు రామయ్య దారం. ఆయన పోయి ఎనిమిదేళ్లయినా ఆ ముడులు విప్పలేదు.

ఆ దారం ఆమె తన చేత్తో ముడి వేసిన మొట్టమొదటి దారం. ఇరవై ఏళ్లప్పుడు చేవ చెక్కడం, గాజు పెంకుతో నునుపు చేయడం అన్నీ వచ్చుగానీ, మగవాళ్ల చేతులు కొలిచే పని తండ్రిదే. ఒకరోజు ఆయనకు జ్వరం. పక్క సందులో ట్రంకు పెట్టెలు చేసే రామయ్య సుత్తి పట్టుకుని వచ్చాడు. దారం చుట్టేటప్పుడు ఒక చెయ్యి వణికింది, అది రామయ్యది కాదు. ఆ నెలలోనే అతను విరిగిన పిడితో ఇంకో రెండుసార్లు వచ్చాడు. చింత చేవ పిడి నెలలో మూడు విరగడం భూమి మీద ఎక్కడా జరగదు. మూడోసారి, జ్వరం తగ్గి అంగట్లో కూర్చున్న ఆదినారాయణప్ప విరిగిన చోటు వేలితో తడిమి చూశాడు.

"రంపంతో కోసినావు కదప్పా. పిల్లను నోటితో అడిగింటే రెండు పిడులు మిగిలేవి" అన్నాడు.

పెళ్లయ్యాక రామయ్య పిడి విరిగిందే లేదు. రైలు ఇరుసు ఉక్కుతో కమ్మరి సాగగొట్టిన తల, మునిలక్ష్మి వేసిన చేవ పిడి. ముప్పై ఐదేళ్లు ఆ సుత్తితోనే ఎన్ని వేల ట్రంకు పెట్టెలకు మూలలు కొట్టాడో. పక్క సందు నుంచి ఆ దెబ్బ వినిపిస్తుంటే ఆమె ఇక్కడ బియ్యం కడిగేది. ఆయన పోయాక ఆ సుత్తిని చూడలేకపోయింది. పెట్టెల షెడ్డులో ఆయన పక్కనే కూర్చుని పని చేసిన మహబూబ్ బాషా రామయ్యను అన్నా అని పిలిచేవాడు. అతని చేతిలో పెట్టేసింది. తర్వాత ట్రంకు పెట్టెలు కొనేవాళ్లు తగ్గి ఆ షెడ్డు మూతపడింది, బాషా హెబ్బగోడిలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో చేరాడు.

పాతదంతా బంగారం, కొత్తదంతా తగరం అనే రకం కాదు మునిలక్ష్మి. చేవ ఎంత గట్టిదైనా ఎండాకాలంలో ఆరిపోతుంది, తల వదులవుతుంది. పొద్దున్నే సుత్తిని నీళ్లలో ముంచడం మరిచినవాడి సుత్తి తల ఎగిరి ఎదుటివాడి కాలి మీద పడిన సంగతులు ఆమెకు తెలుసు. ఇప్పటి ఫైబర్ పిడులు ఎండవు, నానవు, చెదలు పట్టవు. ఎలక్ట్రీషియన్ ఫయాజ్ బ్యాటరీ డ్రిల్లు కొత్తగా కొని చూపిస్తే చాలాసేపు తిప్పి చూసింది. వేలు పెట్టే గాడి కుదిరింది, బరువు మణికట్టును లాగడం లేదు. "దీన్ని చేసినోడు చెయ్యి ఎరిగినోడే" అంది. మూడేళ్లకు బ్యాటరీ పోయింది. ఆ మోడలు బ్యాటరీ ఊరంతా తిరిగినా దొరకక ఫయాజ్ దాన్ని గోనెసంచిలో పడేశాడు. "చెయ్యి ఎరిగినోడే గానీ, ముసలితనం ఎరగడు" అంది అప్పుడు.

ఈ ఏడు ఆయుధపూజకు రెండు రోజుల ముందు కూతురు దివ్య అంగడి శుభ్రం చేయడానికి సర్జాపుర నుంచి వచ్చింది. అక్కడ అపార్టుమెంటులో కాపురం, కంప్యూటర్ ముందు ఉద్యోగం. వస్తే మాత్రం కొంగు దోపుకుని పని చేసే పిల్లే. తల్లి చేవ చూసుకు రావడానికి కట్టెల డిపోకు పోయిన మూడు గంటల్లో గోడకు సున్నం కొట్టించింది, బాడిసకూ ఆకురాళ్లకూ తుప్పు వదిలించింది. నలభై ఏళ్ల దుమ్ముతో నల్లబడి వేలాడుతున్న దారాలు చూసి మనసు ఒప్పలేదు. అన్నీ దించి సబ్బునీళ్లలో నానబెట్టి ఉతికింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే.

మునిలక్ష్మి వచ్చేసరికి తెల్లటి గోడ, ఖాళీ మేకులు. దివ్య చేతిలో ప్లాస్టిక్ టబ్బు. అందులో నూట నలభై దారాలు, ఏది చూసినా ఒకటే తెలుపు.

"మూడుసార్లు నీళ్లు మార్చితే గానీ మురికి పోలేదమ్మా" అంది దివ్య సంబరంగా.

"మొదటి మేకుది యాది?"

దివ్య టబ్బులోకి చూసింది. అప్పుడు అర్థమైంది ఏం చేసిందో. తల్లి అరిచి ఉంటే తేలికగా ఉండేది. ఆమె అరవలేదు, మొద్దు మీద కూర్చుండిపోయింది.

"అందరివీ మళ్లీ కొలుచుకోవచ్చు కదమ్మా" అంది దివ్య.

"ఉండేవాళ్లు వస్తారు, చెయ్యి చాపుతారు. మీ నాయన యాడి నుంచి చాపుతాడే?"

రామయ్య ఫోటోలు ఇంట్లో నాలుగున్నాయి. వాటిలో ముఖం ఉంది, చెయ్యి లేదు. ఆ చెయ్యి ఎంతో చెప్పేది ఈ లోకంలో ఆ దారం ఒక్కటే అని మునిలక్ష్మి బాధ. కాసేపటికి ఆమే తల ఎత్తింది. దారం చూసి చెక్కిన పిడి ఒకటి ఉంది కదా, ఆ పిడితో కొలిస్తే దారం దొరుకుతుంది. పిడి బాషా దగ్గర ఉంది.

మర్నాడు తల్లీ కూతుళ్లు మార్కెట్టులో బస్సెక్కారు. దారాల సంచి మునిలక్ష్మి ఒళ్లోనే ఉంది. హెబ్బగోడిలో షెడ్డు వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం భోజనాల వేళయింది. బాషా వదినను చూసి నవ్వాడు. సుత్తి ఒకసారి ఇవ్వమనగానే ఆ నవ్వు పోయింది. లోపలికి పోయి, రావడానికి ఆలస్యం చేసి, చివరికి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. తల రామయ్యదే. పిడి మాత్రం పసుపుపచ్చ ఫైబరు, పట్టుకునే చోట నల్లరబ్బరు తొడుగు.

"పోయిన ఏడు మెడ దగ్గర విరిగింది వదినా. అన్న పిడి విరగ్గొట్టినా అని నీ ముందర ఎట్లా నిలబడేది? ఇంగ దీన్ని కొని గమ్ము పోసి అంటించినా" అన్నాడు తల వంచుకుని.

మునిలక్ష్మి సుత్తి తీసుకుని ఆ కొత్త పిడిని పట్టుకుని చూసింది, తిట్టడానికి ఏమీ దొరకలేదు. గట్టిగానే ఉంది, ఇంకో ఇరవై ఏళ్లు విరగదు. లక్షమంది చేతులకు ఒకే కొలతలో పోత పోసిన పిడి. ఇందులో రామయ్య లేడు.

"పాతది ఏం చేసినావు?" అంది.

"దాన్ని పారేసేదానికి నాకు మనసు వస్తుందా?"

సామాన్ల పెట్టె అడుగు నుంచి పాత లుంగీ గుడ్డలో చుట్టిన మూట తీశాడు. రెండు ముక్కలు. విరిగిన చోట ఒకదానికొకటి ఆనించి పట్టుకున్నాడు, చీలికలు సరిగ్గా కూర్చున్నాయి. అరచెయ్యి ఆనే చోట చేవ నల్లగా, నున్నగా అరిగి ఉంది. మునిలక్ష్మి అక్కడ చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. దివ్య మొహం తిప్పుకుంది.

తర్వాత ముగ్గురూ కింద కూర్చుని ఒక్కో దారమే పిడి పొడుగునా పట్టి చూశారు. షెడ్డులో భోజనాలు అయిపోయాయి, గ్రైండర్లు మళ్లీ మొదలయ్యాయి. మూడు దారాలు పొడవులో సరిపోయాయి. ఆ మూడింటినీ ఒక్కొక్కటిగా అరచేతి ముడి దాకా సగానికి మడిచి పిడి చుట్టూ తిప్పింది మునిలక్ష్మి. ఒకటి మిగిలింది, ఒకటి చాల్లేదు. మూడోది కొసకు కొస కలిసింది.

"ఇదే" అంది. దివ్య ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చేసింది.

బాషా కూడా కళ్లు తుడుచుకున్నాడు. "వదినా, ఆ అళతెలోనే, అదే కొలతకు నాకు ఇంకో పిడి చేసియ్యి. ఈ రబ్బరుది తీసేస్తా" అన్నాడు.

"చెయ్యి చాపు" అంది ఆమె అలవాటుకొద్దీ.

"నాది ఎందుకు? అన్నది ఉండాది కదా."

"చాపప్పా."

రామయ్య దారాన్నే బాషా అరచేతి చుట్టూ తిప్పింది. ముడి సరిగ్గా కలిసింది. మోచేతి నుంచి లాగింది. రెండో ముడి పిడికిలికి రెండు వేళ్లు ఇవతలే ఆగిపోయింది.

ఆమె ఆ రెండు వేళ్ల ఖాళీని చూస్తూ ఉండిపోయింది. "ఇన్ని ఏండ్లు పొట్టి పిడితో కొట్టినావా? మణికట్టు నొయ్యలేదా నీకు?"

"నొచ్చేది. రాత్రి పూట కాపడం పెట్టుకునేవాణ్ణి."

"నోరు లేదా? నా దగ్గరికి వచ్చింటే వేరేది వేసిస్తా ఉంటి కదా."

"వేరేది వేస్తే అన్నది పోతుంది కదా వదినా. అది పట్టుకుంటే అన్న చెయ్యి పట్టుకున్నట్టు ఉన్నింది" అన్నాడు బాషా.

మునిలక్ష్మి దారం ఒళ్లో వేసుకుంది. ఆమె గోడకు దాచుకున్నదాన్ని ఇతను నొప్పితో మోశాడు. పోయినవాళ్ల దారం ఎందుకు విప్పాలో తండ్రి విడమరిచి చెప్పలేదు, ఈమె అడగనూ లేదు. ఇప్పుడు గోటితో రెండో ముడిని కదిపింది. నలభై మూడేళ్ల ముడి. దివ్య పెట్టిన సబ్బునీళ్లలో నానకపోయి ఉంటే పళ్లతో లాగినా వచ్చేది కాదు. రెండుసార్లు కదిపేసరికి వదులైంది.

"అమ్మా, అది నాన్నది" అంది దివ్య కంగారుగా.

మునిలక్ష్మి ముడి విప్పేసింది. దారాన్ని బాషా మోచేతికి ఆనించి, పిడికిలి దాకా లాగి, రెండు వేళ్లు అవతల మళ్లీ ముడి వేసింది.

ఆయుధపూజ నాడు పనిముట్లన్నింటికీ పసుపు కుంకుమలు పెట్టి, బూడిదగుమ్మడి కొట్టాక దివ్య చీటీలు, పెన్ను తీసింది. ఇకనుంచి ఒక్కో మేకు కింద పేరు రాసి అంటిస్తానని ఆమె పట్టు. వచ్చేవాళ్లను మళ్లీ కొలుస్తూ పోతే అన్నీ నిండుతాయి. ఆ రోజుకు గోడ మీద ఒకే ఒక్క దారం ఉంది, పైవరసలో మొదటి మేకుకు.

"దీనికి ఏం రాయాలమ్మా?"

"బాషా అని రాయి" అంది మునిలక్ష్మి. మళ్లీ, "అరచేతి ముడి మీ నాయనదే. అది రాయాల్సిన పన్లేదు, నాకు తెలుసు" అంది.