ఉప్పు చూడని పులుసు

వట్లూరులో మార్తమ్మగారింట్లో ఆదివారం వంట ఆలస్యమైందంటే, పేపర్లో నిజం చెప్పేవాళ్ళూ అబద్ధం చెప్పేవాళ్ళూ ఉండే పజిల్ వచ్చిందన్నమాట. చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్పొచ్చి ఆవిడ కత్తిపీట ముందు కూర్చుంటారు. ఆర్టీసీ డ్రైవరుగా రిటైరైన భర్త కృపానందంగారు పజిల్ చదివి వినిపిస్తారు. చేతిలో చేప సగంలో ఆగిపోతుంది.

ఆ ఆదివారం వచ్చింది ఆవిడకు తెలిసినదే. దారి రెండుగా చీలిన చోట ఇద్దరు అక్కచెల్లెళ్ళు. ఒకామె ఎప్పుడూ నిజమే చెబుతుంది, ఇంకొకామె ఎప్పుడూ అబద్ధమే. ఎవరు ఎవరో తెలియదు. ఒక్క ప్రశ్న అడిగి ఊరి దారి పట్టుకోవాలి.

"రెండో దారి కొల్లేట్లోకి అనుకో," అని కలిపారు కృపానందంగారు.

"ఊరి దారి ఏదని మీ తోబుట్టువుని అడిగితే ఏది చూపిస్తుందమ్మా అనాలండీ. నిజం చెప్పేది చెల్లెలి అబద్ధాన్ని ఉన్నదున్నట్టు చెబుతుంది, అబద్ధాలది అక్క నిజాన్ని తిప్పి చెబుతుంది, కాబట్టి ఎవరినడిగినా తప్పు దారే చూపిస్తారు. మనం ఇంకోదాంట్లో వెళ్ళిపోవడమే."

"నా సర్వీసులో ఇలాంటి అక్కచెల్లెళ్ళు ఎదురు పడలేదు. లేకపోతే బస్సు బస్సంతా నీళ్ళల్లోనే!"

మామూలుగా అయితే ఆవిడ పడీపడీ నవ్వేవారు. ఈరోజు మనసంతా పక్కవాటాలో ఉండే వరమ్మగారి మీదే ఉంది. పొద్దున చర్చిలో పాటకు లేచి నిలబడ్డ పెద్దావిడ కళ్ళు తిరిగి బెంచీ మీద కూలబడ్డారు. కొడుకు చేపల లారీ మీద ఒడిశా వెళ్ళిన రోజుల్లో ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించరేమోనని మార్తమ్మగారి అనుమానం.

"రాత్రి తిన్నారా పిన్నిగారూ?" అని అడిగితే, "సుబ్బరంగా తిన్నానమ్మా, పప్పుచారు" అన్నారు. దిగబెట్టడానికి వెళ్ళినప్పుడు చూస్తే గిన్నెలన్నీ బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి. కాస్త అన్నం పెడతానంటే, "ఇప్పుడే టిఫినయింది తల్లీ" అని తలుపు దగ్గరికి వేసేశారు.

"ఎన్నడూ అబద్ధమాడని మనిషండీ!"

"మన వైపు అన్నం దగ్గర నిజం చెప్పేదెవరే? కడుపు మాడిపోతున్నా 'ఇప్పుడే తిన్నామండీ' అంటాం. గట్టిగా అడిగితే ఇంకా ముడుచుకుపోతారు."

మార్తమ్మగారు చేప ముక్కలు కడుగుతూ ఆలోచించారు. ఆ అక్కచెల్లెళ్ళలో అబద్ధాలకోరు ఎవరో చివరిదాకా తెలియదు. తెలియకుండానే ఊరు చేరిపోతాం. మరి పిన్నిగారి నోట నిజం రప్పించడమెందుకు? ఏం చెప్పినా ముద్ద నోట్లోకి వెళ్ళే ప్రశ్న ఉంటే చాలదూ?

పులుసు ఉడికింది. రోజూ అరచేతిలో చుక్క వేసుకుని నాకే మనిషి, ఈసారి గరిటె పక్కన పెట్టేశారు.

"ఉప్పు చూడలేదే?" అన్నారు కృపానందంగారు.

"చూస్తే తెలిసిపోతుంది కదండీ. తెలిశాక తెలియదని చెబితే ప్రభువు ఊరుకుంటాడా?"

కంచంలో వేడన్నం, పైన పులుసు, మూత పెట్టుకుని పక్కవాటా తలుపు తట్టారు.

"నేను తిన్నానమ్మా," లోపలినుంచే అన్నారు వరమ్మగారు.

"తిన్నారో లేదో అడగట్లేదు పిన్నిగారూ. ఈ పులుసులో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియదు. మీ అల్లుడుగారు గడ్డి పెట్టినా బాగుందంటారు. మీరే చెప్పాలి."

"ఒక్క ముద్దే," అని వరమ్మగారు తలుపు తీసి కంచం అందుకున్నారు. ఒక ముద్ద తిని, "తెలియడం లేదే," అన్నారు. ఇంకోటి తిన్నారు. ముల్లు తీసి పక్కన పెట్టారు. ఆ తర్వాత ముద్ద వెనక ముద్ద. మార్తమ్మగారు ఆవిడ మొహంకేసి చూడకుండా, మంచినీళ్ళ గ్లాసు దగ్గరగా జరిపి, దండెం మీద బట్టలు మడత పెడుతూ ఉండిపోయారు.

కంచం ఖాళీ అయింది.

"ఉప్పు కుదిరిందమ్మా," అన్నారు వరమ్మగారు. కొంగుతో మూతి తుడుచుకుంటూ, "రేపు ఏం వండుతున్నావు?" అని అడిగారు.

"గోంగూర అనుకుంటున్నాను పిన్నిగారూ."

"అయితే పులుపు నేను చూస్తాలే. ఇక్కడిదాకా మోసుకురాకు. నేనే వస్తాను, మీ ఇద్దరితో పాటే కూర్చుంటాను."