మూడుసార్ల మేష్టారు

నరసింగరావు మేష్టారు ఏ మాటైనా మూడుసార్లు చెబుతారు. ఒకసారి నోటితో, ఒకసారి చేతులతో, ఒకసారి నేల మీద బొమ్మ గీసి. బళ్ళో పాఠమైనా అంతే, బజార్లో బేరమైనా అంతే. ఉప్పుటేరువలసలో చంటిపిల్లలకి మాటలు రాకముందే మేష్టారిలా చేతులు తిప్పడం వస్తుందని చెప్పుకునేవారు.

ఈ సంగతేమీ తెలియకుండా, అరవై ఎనిమిదిలో బడులు తెరిచే రోజుల్లో, నీలవేణి ఆ ఊరికి రెండో టీచరుగా వచ్చి బస్సు దిగింది. పుట్టింది చీపురుపల్లి. విజయనగరంలో ట్రైనింగు పూర్తిచేసి, చుట్టిన చార్టులు చంకలో పెట్టుకుని, పిల్లలందరినీ ఒక్క ఏడాదిలో పండితుల్ని చేసేద్దామన్న ఉత్సాహంతో వచ్చింది. బడికి దారి అడుగుదామని జగ్గమ్మ కొట్టు దగ్గర ఆగింది. అక్కడ ఒక పెద్దమనిషి చింతపండు కొంటున్నారు.

"జగ్గమ్మా, పావుకిలో చింతపండు," అన్నారాయన. అని ఊరుకోలేదు. ఒక కన్ను మూసి, దవడలు లోపలికి లాక్కుని, పళ్ళు పులిసినట్టు భుజాలు జలదరించారు. జగ్గమ్మ అప్పటికే తక్కెట్లో వేసేస్తోంది. అయినా ఆయన ఆగలేదు. కాలి బొటనవేలితో మట్టిలో చింతకాయ గీశారు, గింజలతో సహా.

"మొదటిపాలికే తెలిసింది బాబూ," అంది జగ్గమ్మ. "ఆ గింజలెందుకు? నేనిచ్చేది గింజ తీసిన పండే."

ఆయన వెళ్ళగానే అరుగు మీదున్న లక్ష్ముడు లేచాడు. సముద్రం మీద వేటకి పోయే మనిషి, ఒడ్డునున్నంతసేపూ వేళాకోళమే పని. అదే పులుపు మొహం పెట్టి, అలాగే జలదరించి, కాలితో చింతకాయ బదులు చింతచెట్టే గీసేశాడు. అరుగంతా పడీపడీ నవ్వింది.

"ఎవరండీ ఆయన?" అంది నీలవేణి.

"మీ పెద్దమేష్టారే తల్లీ," అంది జగ్గమ్మ జాలిగా. "బంగారం లాంటి మనిషి. ఏటో సోకింది."

ఏమి సోకిందన్నదాని మీద ఊళ్ళో ఏకాభిప్రాయం లేదు. వడదెబ్బ అని కొందరు, సరుగుడు తోటలో గాలి అని కొందరు. మేష్టారి భార్య తాయారమ్మగారు మాత్రం నవ్వేసేవారు. "మా పెళ్ళినాటికి ఇలా లేరమ్మా. నాలుగేళ్ళనించీ ఇదే వరస. పులుసులో ఉప్పు తక్కువైతే నోటితో అంటారు, చేత్తో చూపిస్తారు, విస్తట్లో అన్నంతో ఉప్పుకుప్ప గీస్తారు. ఆ మూడో అలక చూడాలని ఒక్కోసారి కావాలనే ఉప్పు తగ్గిస్తాను."

దేవుడి దగ్గరా మినహాయింపు లేదు. పొద్దున్నే శ్రీకూర్మనాథుడికి నోటితో స్తోత్రం చదివి, పిడికిలి మీద అరచెయ్యి బోర్లించి తాబేలు చేసి, గడప ముందు ముగ్గుపిండితో ఇంకో తాబేలు గీసిగాని కాఫీ ముట్టరు.

"స్వామికి కూడా అర్థం కాదంటారా మేష్టారూ?" అని నీలవేణి ఉండబట్టలేక అడిగింది.

"ఆయనకి అర్థం కాకేం అమ్మా. ఏది ఎవరికి అందుతుందో మనకేటి తెలుసు, మూడూ పంపిస్తే పోలేదా," అన్నారాయన. అని, అదే మాట చేతులతో మొదలుపెట్టారు. మూడోది రాకముందే నీలవేణి బడిలోకి పారిపోయింది.

బళ్ళో ఆమె ప్రాణం ఇంకా విసిగేది. ట్రైనింగులో నేర్పింది ఒకటే: పాఠం ఎత్తుకోవాలి, చెప్పాలి, ప్రశ్నలడగాలి, గంట కొట్టాలి. మేష్టారి గదిలో గంట కొట్టేసరికి రెండోసారి నడుస్తూ ఉండేది. ఆమె తరగతి రెండు పాఠాలు దాటితే ఆయన తరగతి ఒకదాంట్లోనే ఈదుతూ ఉండేది. ఆ గదిలో మొదటి వరసలో, జాలరి గంగులు కూతురు కూర్మమ్మ, రెప్ప వెయ్యకుండా ఆయన చేతులకేసి చూస్తూ కూర్చునేది.

పసితనంలో విషజ్వరం వచ్చి ఆ పిల్లకి చెవులు పోయాయి. వినపడక మాటా రాలేదు. ఆ పిల్లని చూసినప్పుడల్లా నీలవేణి ఒకటే అనుకునేది. ఇలాంటి పిల్లలకి పట్నంలో వేరే బడి ఉంటుంది, అన్నీ తెలిసిన టీచర్లుంటారు, అక్కడికి పంపాలి. ఇదే మాట వెళ్ళి తల్లి లక్ష్మణమ్మతో చెప్పింది.

లక్ష్మణమ్మ వలకి ముడేస్తూ వింది. "మంచి బడే అయ్యుంటాది తల్లీ. గానీ గుంట నిద్దట్లో ఉలికిపడితే నా సెయ్యి తడుముకుంటాది. అక్కడెవులి సెయ్యి తడుముకుంటాది?"

అయినా నీలవేణి పట్టు విడవలేదు. ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు, ఆయన ఏమంటే అదే చేద్దామంది. మేష్టారు ఒప్పుకున్నారు. గంగులూ ఒప్పుకున్నాడు గాని, ఆ వారమంతా వేటకి పోకుండా బడి గోడ పక్కనే తిరిగాడు.

ఇన్‌స్పెక్టరు గారు గంజి పెట్టిన పొందూరు ఖద్దరులో, పెళపెళలాడుతూ దిగారు. సంగతంతా విని, "తగువెందుకు? ఒకే పాఠం ఇద్దరూ చెప్పండి, చూద్దాం," అన్నారు. పాఠం, వాన ఎలా పడుతుంది అన్నది.

నీలవేణి ముందు చెప్పింది. చార్టు విప్పి, కూర్మమ్మకి తెలియాలని పెదవులు బాగా కదుపుతూ, చాలా చక్కగా చెప్పింది. ప్రశ్న అడగగానే పిల్లల్లో సగంమంది జవాబు చెబుతామని చేతులెత్తారు. కూర్మమ్మ ఒకసారి చార్టునీ ఒకసారి పెదవుల్నీ చూసి, రెంటికీ మధ్య ఎక్కడో దారి తప్పింది. వెనక వరసలో రాముడైతే నోరు తెరుచుకుని కూర్చున్నాడు. వాడికి చెవులు బాగానే ఉన్నాయి. మాట వాటి గుండా వెళ్ళి ఎక్కడా ఆగదు.

తరవాత మేష్టారు లేచారు. నోటితో చెప్పారు. అది అయ్యాక ఉత్తరీయం నడుముకి చుట్టి సూర్యుడైపోయారు. సముద్రమై ఉడికారు, ఆవిరై బెంచీ ఎక్కారు, మబ్బై బుగ్గలు పూరించి గదంతా తేలారు, గోడనే కొండనుకుని గుద్దుకున్నారు. గుద్దుకున్న మబ్బు కురవాలి గదా. మూలనున్న కూజా ఎత్తి కురిసేశారు. మొదటి వరసా, దాని పక్కన కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టరు గారి ఖద్దరూ తడిసి ముద్దయ్యాయి.

నీలవేణి కళ్ళు మూసేసుకుంది. తెరిచేసరికి మేష్టారు నేల మీద ఇసకలో మూడోసారి గీస్తున్నారు. వెనక నించి రాముడు దూసుకొచ్చి, "ఓస్, ఇదేనేటి," అని మిగతా బొమ్మ వాడే పూర్తి చేశాడు.

ఇన్‌స్పెక్టరు గారు చొక్కా పిండుకుంటూ, "కొండే లేకపోతే ఏమవుతుందో ఆ పిల్లని అడగండి," అన్నారు.

మేష్టారు చేతులతో అడిగారు. కూర్మమ్మ లేచి బుగ్గలు పూరించి మబ్బైంది. తేలుతూ తేలుతూ గుమ్మం దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ లోపలికొచ్చి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వెళ్ళిపోయిన మబ్బుకి దిగులుగా చెయ్యి ఊపింది. తరగతంతా గొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టరు గారూ నవ్వారు.

నవ్వి, మళ్ళీ మామూలైపోయారు. "బాగుంది మేష్టారూ. కాని ఈ గది దాటితే ఈ పిల్లకి ఎవరున్నారు? రేపు మీకు బదిలీ అయితే? మీ ఒక్కరితో మాట్లాడడానికి ఈ పిల్లని ఇక్కడ ఉంచడం న్యాయమా?"

నరసింగరావు మేష్టారు ఆ మాటకి ఒక్కసారి కూడా జవాబు చెప్పలేదు. ముందుకొచ్చి, "తమరికి దాహం వేస్తోందేమో. జగ్గమ్మ కొట్టుదాకా దయచెయ్యండి. కూర్మమ్మే అడిగి ఇప్పిస్తుంది," అన్నారు.

కూర్మమ్మ ముందు, తడి ఖద్దరు వెనక, ఆ వెనక నీలవేణి, మేష్టారు, గంగులు. కొట్టు దగ్గర కూర్మమ్మ బొటనవేలితో గోలీ నొక్కినట్టు చూపించింది.

జగ్గమ్మ నోరు మెదపలేదు. రెండు చేతులూ బోర్లించి సోడాలు లేవంది. కవ్వం చిలికినట్టు చేసి, మజ్జిగ ఉందంది. కూర్మమ్మ ముక్కు ఎగబీల్చి, నిన్నటిదా అని వెనక్కి వేలు చూపించింది. జగ్గమ్మ గుండె మీద చెయ్యేసుకుని పొద్దుటిదేనని ఒట్టేసింది. ఇంతలో దూరంగా పడవ దగ్గర నించి లక్ష్ముడు పిడికిలి మీద అరచెయ్యి బోర్లించి ఆ పిల్లని పిలిచాడు. తాబేలంటే కూర్మమ్మే మరి. ఆ తడిసిన బాబు ఎవరని చేతులతో అడిగాడు. కూర్మమ్మ బుగ్గలు పూరించి కూజా వంచి చూపించింది. పడవ దగ్గరున్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఇన్‌స్పెక్టరు గారు మజ్జిగ గ్లాసు అందుకుని జగ్గమ్మ వైపు తిరిగారు. "ఈ చేతిమాటలు మీకెవరు నేర్పారమ్మా?"

"నేర్పడమేటి బాబూ?" జగ్గమ్మ అయోమయంగా చూసింది. తరవాత సిగ్గుపడి గొంతు తగ్గించింది. "ఆయనతో అనకండి. ఇది మేష్టారిని ఎక్కిరించడం."

అప్పటికే పరుగున వచ్చిన లక్ష్ముడు అందుకున్నాడు. "నాలుగేళ్ళ బట్టీ ఎక్కిరిస్తన్నాం బాబూ. ఆయనకి సిగ్గు నేదు, మాకు అలుపు నేదు. ఇప్పుడు నడిసంద్రంలో పడవకీ పడవకీ మద్దిన కూడా ఇదే. అరిసే పని నేదు."

నాలుగేళ్ళు. కూర్మమ్మ బళ్ళో చేరి కూడా నాలుగేళ్ళే. నీలవేణి గిర్రున మేష్టారి వైపు తిరిగింది. ఆయన తల వంచుకుని కాలితో మట్టిలో ఏదో గీసుకుంటున్నారు.

"మేష్టారూ, వీళ్ళు వెక్కిరిస్తున్నారని మీకు తెలుసా?"

"తెలుసమ్మా. మొదట్లో సాయంకాలాలు చేతిమాటలు నేర్పుతాను రండర్రా అని ఇంటింటికీ వెళ్ళి పిలిచాను. గంగులూ లక్ష్మణమ్మా తప్ప ఇంకో మనిషి రాలేదు. సరేనని, నవ్వుకోడానికి వీలుగా నడిబజార్లో మొదలెట్టాను. ఊరంతా వచ్చీసింది."

గంగులు పక్కకి తిరిగి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు మజ్జిగంతా ఒక్క గుక్కలో తాగేసి, "ఈ పిల్ల ఇక్కడే చదువుతుంది," అన్నారు. నీలవేణి తెల్లబోయి నిలబడితే, "మీ చార్టూ బాగుందమ్మా. దాన్నీ నాలుగోదిగా కలుపుకోమనండి," అన్నారు.

నరసన్నపేట బస్సు ఎక్కి, కిటికీ లోంచి "వస్తాను," అన్నారు. చెయ్యి ఊపారు. ఒక్క క్షణం ఆలోచించి, బస్సు ఒంటినిండా ఉన్న దుమ్ములో వేలితో తాబేలు గీశారు. ఆ తాబేలు అలాగే బస్సుతో వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం నీలవేణి కొట్టుకొచ్చింది. "జగ్గమ్మా, పావుకిలో చింతపండు," అంది. చేతిలో సంచీ చాపబోతూ ఉంటే, ఆమెకి తెలియకుండానే ఒక కన్ను మూసుకుపోయింది, భుజాలు జలదరించాయి.

జగ్గమ్మ తక్కెడ కింద పెట్టేసింది. "ఒరే లక్ష్ముడూ, బేగి రారా. ఈ తల్లికీ సోకీసింది."

నీలవేణి వినిపించుకోలేదు. ఆమె బొటనవేలు అప్పటికే మట్టిలో చింతకాయ వంపు తిప్పేసి, గింజలు పెడుతోంది.