సుధాకర్ పంపిన కస్టమర్

2022లో అమెరికాలో, టెక్సాస్‌లోని కాపెల్‌లో బిర్యానీ హోటల్ పక్క గదిలో నా ఇన్సూరెన్స్ ఆఫీసు ఉండేది. గది నాది, వాసన వాళ్లది. అదే వరుస చివర సుధాకర్ ఆఫీసు, అదీ ఇన్సూరెన్సే. నేను అమ్మేది బీమా, అతను అమ్మేది ధీమా. జనం అటే వెళ్లేవారు. అతను పంచిన క్యాలెండర్ మా వంటింట్లో కూడా వేలాడేది. అందులో అంకెలు పెద్దగా కనిపిస్తాయని మా ఆవిడ అంటుంది.

అతను వద్దనుకున్న కేసులు నాకు వచ్చేవి. సుజాతగారు అలాగే వచ్చారు. ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు ఆవిడ. భీమవరంలో తల్లికి ఆపరేషన్ అని వెళ్తూ, వాడని కారుకి ఇన్సూరెన్స్ దండగని ఆపేశారు. తిరిగొచ్చాక మళ్లీ తీసుకోవడం మరిచి కారు బయటికి తీశారు. సిగ్నల్ దగ్గర ముందు కారుని గుద్దారు. ఇన్సూరెన్స్ లేకుండా గుద్దినందుకు లైసెన్స్ సస్పెండ్ అయింది. డ్రైవ్ చేయలేకపోతే ఉద్యోగం ఉండదు.

"సుధాకర్ బ్రదర్ మీ దగ్గరికి వెళ్లమన్నారండి. ఇలాంటివి మీరే చేస్తారంట."

"ఇలాంటివి అంటే?"

"అదే... ఇలాంటివి."

లయబిలిటీ ఇన్సూరెన్స్ అంటే మన తప్పు వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి కంపెనీ డబ్బు కట్టేది. అది ఈ మనిషికి ఉందని కంపెనీ రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చే పూచీ ఎస్ఆర్-22. లైసెన్స్ తిరిగి రావాలంటే అది కావాలి. టెక్సాస్‌లో అది రెండేళ్లు తెగకుండా ఉండాలి. మధ్యలో పాలసీ ఆగితే కంపెనీయే ప్రభుత్వానికి చెప్పేస్తుంది.

ఇదంతా ఆవిడకు చెప్పి, పాలసీ ఇచ్చి, ఎస్ఆర్-22 ఫైల్ చేశాను. లైసెన్స్ తిరిగొచ్చింది. నాకు ఫోన్‌లో థాంక్స్ వచ్చింది, సుధాకర్‌కి పూతరేకులు వెళ్లాయి. ఎలా తెలుసంటే, నాకు కొన్ని తెచ్చిచ్చింది అతనే. తిన్నాను. బాగున్నాయి, అదే బాధ.

కొన్ని నెలలకు ఆవిడ ఫోన్ చేశారు. "నా పాలసీ క్యాన్సిల్ చేసేయండి. సుధాకర్ బ్రదర్ తక్కువలో ఇస్తున్నారు."

"అందులో ఎస్ఆర్-22 ఉందా అండీ?"

"అదింకెందుకు? లైసెన్స్ వచ్చేసింది కదా. వీసా స్టాంపింగ్ అయిపోయాక మళ్లీ కాన్సులేట్‌కి వెళ్తామా?"

"ఇది స్టాంపింగ్ లాంటిది కాదండీ. ఇది ఆపేస్తే లైసెన్స్ మళ్లీ పోతుంది."

"ఏమనుకోకండి. నేను అటు వెళ్తున్నానని ఇలా చెప్పట్లేదు కదా?"

నేను చెప్పింది నిజమే. కానీ నా కుళ్లు కూడా అక్షరం పొల్లుపోకుండా అదే చెప్పేది. ఆవిడ ఎలా నమ్ముతారు? లైన్‌లో ఉండమని, ఫోన్ పట్టుకుని సుధాకర్ ఆఫీసుకి నడిచి, స్పీకర్ ఆన్ చేశాను.

"సుధాకర్, సుజాతగారి కొత్త పాలసీకి ఎస్ఆర్-22 పెడుతున్నావా?"

"లేదన్నా. అది అయిపోయిందన్నారు కదా."

"అవలేదు. మీ కంపెనీ ఫైల్ చేస్తుందా?"

కంప్యూటర్‌లో చూశాడు. "చేస్తుందన్నా. సిస్టర్, అన్న చెప్పింది కరెక్టే, అది లేకుండా మారకండి. రేటు కొంచెం పెరుగుతుంది. అయినా అన్నకంటే తక్కువే."

ఆ చివరి మాట అవసరం లేదు.

అతని ఫైలింగ్ ప్రభుత్వానికి చేరిందని ఖాయమయ్యేదాకా నా పాలసీ ఆపలేదు. చేరాక నా చేత్తోనే క్యాన్సిల్ చేశాను. ఆవిడ డ్యూటీకి వెళ్తూనే ఉన్నారు.

సలహాలో మన లాభం కూడా కలిసి ఉన్నప్పుడు, అది ఎంత నిజమైనా మన నోట నిలబడదు. ఎదుటివాళ్లు నమ్మే మనిషి చేత చెప్పించాలి. అప్పటినుంచి అలాగే చేస్తున్నాను. ఆ మనిషి ప్రతిసారీ సుధాకరే కావడం మాత్రం ఇప్పటికీ మింగుడు పడదు.