పథ్యం పేరుతో పెట్టిన ఆకలి

వరహాలమ్మత్త పోయిందన్న కబురు నాకు మొదట చెప్పింది మాకు పాలు పోసే ఫూల్‌బాయి. మజ్జిగలోకి జీలకర్ర వేపుతున్నాను. "ఆయా అమ్మ తెల్లారి పోయిందమ్మా" అని గిన్నె అందించి వెళ్ళిపోయింది. మూకుట్లో జీలకర్ర మాడి ఇల్లంతా ఆ వాసన నిండింది. దుఃఖం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. అత్త ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరై, మా వెనక లైనులో కొడుకు క్వార్టరులో ఉండేది. నాకు చుట్టం కాదు. అయినా ఈరోజు మావారు బతికి ఉన్నారంటే దేవుడి తర్వాత ఆవిడే కారణం. బిలాస్‌పూర్‌లో ఇన్నేళ్ళున్నా మా రైల్వే కాలనీలో ఆవిడ మాటకు విలువ ఇచ్చినవాళ్ళు లేరు. మొదట్లో నేనూ ఇవ్వలేదు. నా కోపం అందుకే.

మావారు లోకో షెడ్డులో ఫిట్టరు. ఎప్పటినుంచో షుగరు ఉంది. ఒక వేసవిలో కాళ్ళు వాచాయి, పొట్టలో నీరు చేరింది. డాక్టరు లివర్ సిరోసిస్ అన్నారు. కాలేయం గట్టిపడి మచ్చలు కట్టిందట, షుగరూ కొవ్వూ కలిసి చేసిన పని అట. నేను బడికి వెళ్ళినదాన్ని కాదు, మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. డాక్టరు గబగబా చెప్పిన హిందీలో నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మా వదిన పూరించింది. మావారి అక్క ఆవిడ, ఊళ్ళోనే తోర్వా పేటలో ఉంటుంది. పప్పు అరగదంది, గుడ్డు వేడంది, పెరుగు వాతమంది. గంజి, చారన్నం, పాత నిమ్మకాయ ఊరగాయ, ఇదే పథ్యం అని తేల్చింది. దానికి తోడు నేను మంగళ, శనివారాలు ఆయన ఒంటిపూట ఉంటారని మొక్కుకున్నాను. నెల తిరగకుండా ఆయన చేతులు పుల్లలయ్యాయి, పొట్ట మాత్రం పెరిగింది.

ఒక శనివారం అత్త కరివేపాకు కోసం వచ్చి, మావారి కంచం చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఏటే కోడలా, మొగుడికి పెడతన్నది ఇదేటి?"

"పథ్యం అత్తా."

"ఒంట్లో నీరెక్కినోడికి ఉప్పులో ఊరిన కాయా? కండ పట్టే పప్పు తీసీసి? ఎవులు సెప్పినారు?"

"మా వదిన."

"అచ్ఛా. ఆవిడే ఆసుపత్రిలో డాక్టరు?"

మొక్కు సంగతి చెప్పాను, ఆవిడ మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"దేవుడు నీ మొగుడి కూడు అడిగినాడేటి? మొక్కుకున్నది నువ్వు. మాడ్సుకుంటే నీ కడుపు మాడ్సుకో."

నాకు ఒళ్ళు మండింది. భక్తిలేని మనిషి అనుకున్నాను. కానీ సోమవారం డాక్టరు దగ్గరికి బయలుదేరేసరికి, పిలవకుండానే ఆవిడ చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది. వదిన తెచ్చిన పసరు మందు సీసా సంచిలో పెట్టించింది. అక్కడ డాక్టరు చీటీ రాసి తర్వాతి రోగిని పిలవబోతుంటే బల్లకు అడ్డంగా నిలబడి, "రోగం పేరు చెప్పారు సాబ్, తిండి మాట చెప్పలేదు" అని హిందీలో అంది. ఆయన పెన్ను కింద పెట్టారు. ఈసారి నెమ్మదిగా చెప్పారు. పోయిన కాలేయం మళ్ళీ మునుపటిలా కాదు, మిగిలినదాన్ని కాపాడుకోవాలి. ఉప్పు బాగా తగ్గించాలి. ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపలు వద్దు. పప్పు, గుడ్డు, పెరుగు మానకూడదు, కొంచెం కొంచెంగా పెట్టాలి. కడుపు ఎక్కువసేపు ఖాళీగా ఉండకూడదు. పడుకునే ముందు ఏదో ఒకటి తినాలి, లేవగానే మళ్ళీ తినాలి. తనను అడగకుండా నొప్పి మాత్రలు కూడా వేసుకోవద్దన్నారు. సీసా చూసి, అందులో ఏ ఆకు ఉందో తెలియకుండా తాగితే ఉన్న కాలేయం కూడా పోతుందన్నారు. సారా చుక్క కూడా పనికిరాదన్నప్పుడు నేను తలెత్తి, మావారు ఆ వాసనే ఎరుగరని చెప్పాను.

ఆ మాట నేను అక్కడితో ఆపలేదు, కాలనీలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చాను. మా కాలనీ గుడిలో శనివారాలు తీర్థం ఇచ్చేది మావారే. పెద్దమనిషి ఒకాయన ఆయన చేతిలోంచి ఉద్ధరిణి తీసుకుని, "కొన్నాళ్ళు రెస్టు తీసుకో బావూ, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు" అన్నాడట. మావారు ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను అత్త ఇంటికి పరుగెత్తాను. తాగుబోతు రోగమంటున్నారనీ, దేవుడి ఎదుట ఎలా అనగలిగారనీ ఏడ్చాను. మా ఆయన అలాంటివాడు కాదని పదిసార్లు అన్నాను.

అత్త శనగలు వేపడం ఆపింది. "అలాటోడయితే? తాగినోడికి ఆకలెయ్యదేటి?"

అప్పుడు చెప్పింది తన భర్త సూరన్న గురించి. గ్యాంగ్‌మన్. ఇప్పసారా తాగేవాడు. ఇదే రోగంతో మంచాన పడితే, పెద్దలు చెప్పిన గంజీ ఊరగాయే ఆవిడా పెట్టింది. "అప్పుడు నాకెవులూ సెప్పనేదు. ఆ ఆసుపత్రిలోనే నేల తుడిసేదాన్ని, డాక్టర్లు నా పక్కనుంచే నడిసేవోరు. తాగుబోతు పెళ్ళానికి సెప్పడమెందుకనుకున్నారో. ఆడు పోయేముందు పప్పన్నం అడిగినాడే కోడలా. పథ్యం అన్నాను. పెట్టనేదు."

అంతవరకూ నా కోపమంతా మావారిని అనరాని మాట అన్నందుకే. ఆ మాటకు తగినవాళ్ళు వేరే ఉన్నారని నేనూ ఒప్పుకుంటున్నట్టే కదా అని ఆరోజు సిగ్గుపడ్డాను. మొక్కు మార్చుకున్నాను, ఒంటిపూట ఇప్పుడు నేనుంటున్నాను. ఆయనకు నిమ్మరసం, మిరియాలు, కొత్తిమీరతో చప్పిడి వంట. పొట్టలో నీరు మందులతో, ఈ తిండితో తగ్గింది. రోగం పోలేదు, అయినా ఆయన డ్యూటీకి వెళ్తున్నారు. గుడిలో ఎవరైనా "తాగుతాడా?" అని అడిగితే లేదని చెప్పడం మానేశాను. ఎందుకు అడుగుతున్నారని తిరిగి అడుగుతున్నాను. ఈ మొండితనం అత్త పెట్టిన భిక్ష.

ఆవిడను నేను రోజూ తలుచుకుంటాను, అది నా రుణం. మిమ్మల్ని అడిగేది వేరు. ఈ రోగం పేరు ఎక్కడైనా విన్నప్పుడు, సూరన్న అనే మనిషిని ఒక్కసారి గుర్తు చేసుకోండి. తాగేవాడు. పప్పన్నం అడిగాడు.