జోసీ కడుపునిండా తిన్న ఆదివారం

ఇలా దగ్గరగా వచ్చి కూర్చోండమ్మా, పీట లాక్కోండి. పక్కింట్లో ఎండుచేపలు కాలుస్తున్నారు, ముక్కు మూసుకోకండి. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు జోసీ గుర్తుకొస్తుంది. మీరు ఆమెను చూడలేదు. చూసి ఉంటే మీరూ భోజనానికి పిలిచేవారు.

జోసీది ఫిలిప్పీన్స్. చెవులు వినపడని పిల్లలకు చదువు చెప్పడానికి, జీతం లేకుండా, ఏడాది పాటు ఉండిపోదామని పోర్ట్ బ్లెయిర్ వచ్చింది. ఆదివారం ఆరాధన కాగానే మా తెలుగు సంఘంలో వంతులవారీగా ఎవరో ఒకరం ఆమెను ఇంటికి తీసుకువెళ్ళేవాళ్ళం. విదేశం అంటే మాకు అంతా ఒకటే దేశం. దొరసానికి కారం పడదనీ, చేప వాసన గిట్టదనీ మాలో మేమే తేల్చేసుకున్నాం. హాడోలో ఒకరు బ్రెడ్డు, వెన్న పెట్టారు. జంగ్లీఘాట్‌లో చేపల రేవు పక్కనే కాపురముండే వాళ్ళు ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెట్టారు. ఎవరు ఎంత చప్పగా వండితే వాళ్ళకు అంత మర్యాద తెలిసినట్టు.

మా వంతు వచ్చిన ఆదివారం చర్చి మెట్ల మీద పాస్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆ పిల్ల సరిగా తినడం లేదని, చాటుగా ఏడుస్తోందని, తిరుగు టికెట్ చూసుకుంటోందని చెప్పింది. ఆమె చేతి సైగలు బడిపిల్లలకు ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నాయట, ఇంతలో వెళ్ళిపోతే వాళ్ళు బెంగపెట్టుకుంటారట. "ఈ పూటైనా నాలుగు ముద్దలు తినిపించవే" అంది. మా ఇంట్లో వండిందీ చప్పటి కోడి సూపే మరి.

బ్రూక్షాబాద్‌లో మా ఇంటికి వచ్చి కూర్చుంది. స్పూను గిన్నెలో తిరుగుతోంది గానీ నోటిదాకా రావడం లేదు. అంతలో పెరటివైపు నుంచి గుప్పుమని వాసన. వెళ్ళి చూస్తే, నేను అటకెక్కించిన ఎండుచేపలు దించి, మా అత్త కట్టెల పొయ్యి మీద కాలుస్తోంది. ఇదేం పని, పరువు తీస్తావా అని గొంతు తగ్గించి గదమాయించాను.

ఆవిడ తల ఎత్తలేదు. "నానేటి సేసినాను? ఆ సప్పిడి నీళ్ళు నాను తాగనేను. నీ దొరసానికి నువ్వెట్టుకో, నా నోటికి నానెట్టుకుంతాను."

వెనక్కి తిరిగితే గుమ్మంలో జోసీ. కళ్ళ నిండా నీళ్ళు. అయిపోయింది, రేపే విమానం ఎక్కేస్తుంది అనుకున్నాను.

"దీదీ," అంది వచ్చీరాని హిందీలో, "యే మేరా మమ్మీ కా ఘర్." ఇది మా అమ్మ ఇల్లు, అని. వాళ్ళ ఊళ్ళో పొద్దున్నే ఇలాంటి ఎండుచేపే వేయించుకుని అన్నంతో తింటారట.

మా అత్తకు హిందీ అంతంత మాత్రం. "ఏటంతాందే?" అని నన్నడిగింది. చెప్పగానే పీట జరిపి, "కూకోయే అమ్మా" అంది. జోసీ పీట వదిలేసి నేల మీదే బాసింపట్టు వేసుకుంది. పుల్లగా ఏదైనా కావాలని సైగ చేస్తే, అత్త చింతపండు పిసికి, పచ్చిమిరపకాయ చిదిమి ముందు పెట్టింది. ఆ పిల్ల చేత్తో అన్నం కలుపుకుని, ముల్లు కూడా నమిలేసి, మారు అడిగింది. మరి ఈ సూపు ఎవరు తాగాలని మా ఆయన బెంగ. ఆయనే తాగాడు.

టికెట్ మాట జోసీ మళ్ళీ ఎత్తలేదు. సంగతి తెలిసి సంఘం ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు, దాచిన రొయ్యపొట్టూ ఆవకాయా బయటికి తీశారు. ఏడాది నిండేసరికి ఆమె బుగ్గలూ నిండాయి. ముందే ఎందుకు చెప్పలేదే అని ఒకసారి అడిగాను.

"ఎవరూ అడగలేదు దీదీ. మీరంత ప్రేమగా పెడుతుంటే వద్దని ఎలా అనను?"

ఆ మాట నాలో ఉండిపోయింది. మా పెద్దవాడు బెంగాలీ పిల్లను చేసుకున్నాడు. కాపురానికి వచ్చిన మొదటి రోజు, మా పప్పుచారు ముందు ఆ పిల్ల బుద్ధిగా కూర్చుని ఉంటే, గరిటె పక్కన పెట్టి అడిగాను: "మీ అమ్మ ఏం వండుతుంది బేటీ?" కొత్తకోడలు మెల్లగా, వాళ్ళమ్మ చేపలు వేయించే ఆవనూనె ఇంట్లో ఉందా అంది. లేదు. మా ఆయన్ని ఉన్నపళంగా దుకాణానికి తోలాను.

మీ గడపలోకి వచ్చినవాళ్ళు నోరు తెరిచి అడిగి తినాలి, మళ్ళీ వస్తామని చెప్పి మరీ వెళ్ళాలి. మీ పొయ్యి ఆరకుండా, మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి తల్లీ.